తమ్ముడికిచ్చిన వెండిరంగు పెట్టె

ఒక అబద్ధం నా కడుపులో కూర్చుని నలభై ఏళ్ళు దాటింది. ఇలాంటివాటిని గుండె మీద బరువు అంటారు. నాకు గుండె దగ్గర ఏమీ లేదు, కడుపులోనే ఉంది. పాసిపోయిన కూర తిన్నాక పట్టుకునే వికారంలాంటిది. కక్కలేను, మింగలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నిజానికి ఈ మాట వినవలసినవాడు వేరే ఉన్నాడు. మా వీధి చివరే ఉంటాడు. రోజూ కనిపిస్తాడు, నన్ను చూసి నవ్వుతాడు. వాడికి చెప్పకుండా మీకు చెప్పడం పిరికితనం కాదా అంటే, పిరికితనమే. అదీ ముందే ఒప్పేసుకుంటున్నాను.

తిరువూరులో నాకో మంచి పేరుంది. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పంపకాలకు నన్ను పిలుస్తారు. విస్సన్నపేట నుంచి కూడా బస్సెక్కి వచ్చి తీసుకెళ్ళినవాళ్ళున్నారు. "ఆయన పంచితే ఇక మాటుండదండీ" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు రోత. వాళ్ళ మీద కాదు, నా మీద. ఆ పేరు ఎక్కడ పుట్టిందో తెలిస్తే వాళ్ళు నన్ను గడప తొక్కనివ్వరు.

మా వైపు పంపకాలకు ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు వాటాలు వెయ్యాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. వాటాలు వేసినవాడికి మిగిలిందే దక్కుతుంది కాబట్టి వాడు ఎక్కువతక్కువలు లేకుండా వేస్తాడని నమ్మకం. మా నాన్న, బాబాయి పొలాలు అలాగే పంచుకున్నారు. నాన్న వాటాలు వేశాడు, బాబాయి కోరుకున్నాడు. చచ్చేదాకా ఒకరి మీద ఒకరికి చిన్న మాట పట్టింపు కూడా లేదు. పద్ధతి మంచిదే. అయితే అందులో ఒక కన్నం ఉంది. వాటాలు వేసేవాడికి తెలిసినది కోరుకునేవాడికి తెలియకపోతే, ఆ పద్ధతే దొంగకి తలుపు తీసి పెడుతుంది. ఈ సంగతి మా పెద్దలెవరికీ తట్టలేదు. నాకు తట్టింది.

డెబ్భైల నడుమ మాట. నేను బెజవాడలో బీయస్సీ చదువుతూ వేసవి సెలవులకు ఇంటికొచ్చాను. బాబాయి కొడుకు శేషు ఇంటర్మీడియట్ పరీక్షలు రాసి ఉన్నాడు. మా మేనత్త భర్త, మేమిద్దరం మామయ్యా అని పిలిచే ఆయన, ఓడల్లో వైర్‌లెస్ పని చేసేవాడు. ఆరోగ్యం చెడి, ఆ పని మానేసి, ఆ ఏడే అత్తతో తిరువూరు వచ్చేశాడు. పిల్లల్లేరు. ఆయన పెట్టెల్లోంచి మా ఊరు ఎన్నడూ చూడని సామాను బయటపడింది. రెండు చిన్న ఇంజన్లు, బొమ్మ విమానాలను నేల మీద నించుని నడిపే రెండు ట్రాన్స్‌మిటర్లు. ఒక్కో ట్రాన్స్‌మిటర్‌కీ జతగా ఒక రిసీవర్. రిసీవర్ విమానం కడుపులో ఉంటుంది. ట్రాన్స్‌మిటర్ మన చేతిలో ఉంటుంది. దాని మీది చిన్న పుల్లను ఇటు తోస్తే, ఆకాశంలో విమానం తోక అటు తిరుగుతుంది. మేం వాటిని పెట్టెలు అనేవాళ్ళం.

రెండు పెట్టెల్లో ఒకటి వెండిరంగుది. తళతళలాడేది, తోలుసంచీతో సహా. రెండోది బూడిదరంగుది, పాతది, మూలల్లో రంగు పెచ్చులూడినది. చూసినవాడెవడైనా వెండిదానికే చెయ్యి చాస్తాడు.

విమానాలు మాత్రం మామయ్య దగ్గర లేవు. వాటిని శేషు చేశాడు. కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి కర్ర తెప్పించి, సన్నగా చీల్చి, అతికించి, పైన గాలిపటాల కాగితం బిగించి రెండు విమానాలు తయారు చేశాడు. రెండూ వాడే చేశాడు. నాది కూడా. నేను అరుగు మీద కూర్చుని సలహాలు చెప్పాను. అన్నయ్య బీయస్సీ కదా, వాడికి నా మాట వేదం. వాడు చేసేదాంట్లో సగం నాకు అర్థమయ్యేది కాదు. అయినా తలాడించేవాణ్ణి.

వాడు ఆ పని చేస్తున్నన్నాళ్ళూ పెట్టెలు రెండూ మా ఇంట్లోనే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం వాటిని డాబా మీదికి తీసుకెళ్ళాను. శేషు అప్పటికే చేసిన తోకను రిసీవర్‌కి తగిలించి, ఒకదాని తరవాత ఒకటి ఆడించి చూశాను. బూడిదరంగుది చెప్పినట్టు విన్నది. వెండిరంగుదీ మొదట్లో విన్నది. ఎండలో కాసేపు ఉండి వేడెక్కాక మాత్రం, నేను పుల్ల ముట్టుకోకుండానే తోక తనంతట తాను కొట్టుకోవడం మొదలుపెట్టింది. నీడలోకి తెస్తే సర్దుకుంది. మళ్ళీ ఎండలో పెట్టాను, మళ్ళీ కొట్టుకుంది. అనుమానం తీరేదాకా చూశాను. మర్నాడు కూడా చూశాను.

ఆ క్షణంలో ఒక్క కేక వేస్తే సరిపోయేది. "మామయ్యా, ఇది వేడికి చెడుతోంది" అంటే ఆయన ఏదో ఒకటి చేసేవాడు. ఎందుకు అనలేదు? ఎన్నోసార్లు అడుక్కున్నాను ఈ ప్రశ్న. భయమా? కాదు. శేషు మీద పగా? వాడి మీద ఎవరికి పగ ఉంటుంది! పేదరికమా? మాకు ఏ లోటూ లేదు. ఒకటి చెడ్డదని తెలిస్తే, మంచిది ఒకటే కనక ఇద్దరం కలిసి వాడుకోవాలి. నాకు కలిసి వాడుకోవడం ఇష్టం లేదు. నాదంటూ ఒకటి, పూర్తిగా నాది కావాలి. అంతే. ఇంతకంటే పెద్ద కారణం దొరుకుతుందేమోనని నలభై ఏళ్ళు వెతికాను. దొరకలేదు. పెద్ద కారణానికి పెద్ద పాపం చేసినవాడికి కనీసం అదైనా ఉంటుంది చెప్పుకోవడానికి. నాది తిరణాల్లో పీచుమిఠాయి కోసం చిన్నపిల్లాడి చెయ్యి విరిచినవాడి పాపం.

పంపకం మా ఇంటి హాల్లో జరిగింది. మామయ్య నవ్వుతూ, "ఇద్దరూ ఒకింటి పిల్లలే, మీరే తేల్చుకోండి" అన్నాడు. బాబాయి వెంటనే పద్ధతి చెప్పాడు. పెద్దాడు వాటాలు వెయ్యాలి, చిన్నాడు కోరుకోవాలి. నాన్న తలూపాడు. నేను చాప మీద రెండు వాటాలు పెట్టాను. వెండిపెట్టెను తోలుసంచీ మీద ఎండ పడేచోట నిలబెట్టి, మామయ్య ఇచ్చిన కొత్త బ్యాటరీలు దాని పక్కన పెట్టాను. బూడిదపెట్టెను పాత గుడ్డలో చుట్టి పెట్టాను. పెళ్ళిచూపులకు పిల్లను ముస్తాబు చేసినంత శ్రద్ధగా చేశాను.

నేను అనుకోనిది ఒకటి జరిగింది. శేషు బూడిదపెట్టె మీద చెయ్యి వేశాడు.

"నాకిది చాల్లే అన్నయ్యా. మంచిది నువ్వుంచుకో" అన్నాడు.

వాడు నిజంగానే అన్నాడు. వాడికి లోపలొకటి బయటొకటి లేదు. పెద్దవాణ్ణి కనక మంచిది నాకుండాలని వాడి కోరిక. ఇక్కడ నేను ఊరుకుని ఉంటే చాలు, చేసిన పాపం దానంతటదే కొట్టుకుపోయేది. చెడ్డ పెట్టె నా నెత్తికే వచ్చేది. దేవుడు ఒకడుంటే, నాకోసం ఆ తలుపు తెరిచి పట్టుకున్నాడు. నేను లేచి వెళ్ళి వాడి చెయ్యి పట్టుకుని, బూడిదపెట్టె మీదనుంచి తీసి, వెండిపెట్టె మీద పెట్టాను. "చిన్నోడివిరా, మంచిది నువ్వే తీసుకో" అన్నాను. గొంతు కూడా కొంచెం వణికించాను.

బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు. అత్త నా తల నిమిరింది. సాయంత్రానికి వీధంతా పాకింది, పలానావారి అబ్బాయి తమ్ముడికి మంచిదిచ్చి పాతది ఉంచుకున్నాడట అని. నా మంచిపేరు పుట్టిన రోజు అదే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను ఊరందరి ఎదుట, కళ్ళు తెరుచుకుని తాగాను. పైగా పొట్ట నిమిరించుకున్నాను.

శేషు తెల్లవారుజామునే లేచి, వినగడప దారిలో పత్తికట్టె పీకేసిన బాబాయి చేలో విమానం ఎగరేసేవాడు. పొద్దుటి చల్లదనంలో వెండిపెట్టె బుద్ధిగా పనిచేసేది. వాడి విమానం అలా మెత్తగా లేచి, చేను చుట్టూ తిరిగి, ఆముదం కాలిన వాసన వదులుతూ, వాడి కాళ్ళ దగ్గరకొచ్చి దిగేది. ఆ ఇంజన్లకు స్పిరిట్టులో ఆముదం కలిపి పోసేవాళ్ళం. వాడి చేతివేళ్ళు పుల్లల మీద కదులుతుంటే చూడాలి. నాకు మంచి పెట్టె ఉండీ విమానం రెండుసార్లు ముక్కు నేలకు గుద్దింది. వాడే బాగుచేసి ఇచ్చాడు. అసలు ఈర్ష్య అప్పుడే మొదలైంది. అంతకుముందు ఉన్నది వట్టి ఆశే. పెట్టె బాగయిపోయిందేమో, ఇక చెడదేమో అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్నానంటే నమ్మానని కాదు.

శేషుకు మద్రాసు వెళ్ళి విమానాల ఇంజనీరింగు చదవాలని ఉండేది. మార్కుల సంగతి ఎవరికీ అనుమానం లేదు. బాబాయే ఒప్పుకోలేదు. ఆయనకు బజారులో పురుగుమందుల కొట్టుంది, ఒక్కడే కొడుకు. చివరికి మామయ్య నచ్చచెబితే దిగొచ్చి ఒక మాటన్నాడు. "పదిమంది ఎదట ఎగరేసి, నేను గుడ్డ పరిచిన చోట దింపమను. దింపితే పంపిస్తా." శేషు ఆ రాత్రి అన్నం తినలేదట, సంతోషంతో.

పొద్దున్నే పెట్టుకుందామని వాడు బతిమాలాడు. బాబాయి పెద్దమనుషులందరినీ కూడగట్టేసరికి బాగా పొద్దెక్కింది. తిరువూరు వేసవి మీకు తెలుసో తెలియదో. చేలో మట్టిగడ్డలు చెప్పుల్లోంచి కాలుతున్నాయి. శేషు వెండిపెట్టె పట్టుకుని, వాళ్ళు వచ్చేదాకా ఎండలోనే నిలబడ్డాడు. నేను వాడి పక్కనే ఉన్నాను. పెట్టె మీద తువ్వాలు కప్పరా అని చెప్పొచ్చు. నా పెట్టె ఇస్తానని, నా విమానం ఎగరెయ్యమని చెప్పొచ్చు. నా పెట్టె నా చేతిలోనే ఉంది. మనసులో అనుకున్నాను కూడా. నోరు మాత్రం తెరుచుకోలేదు. తెరిస్తే, ఎందుకురా అని అడుగుతాడు. అడిగితే ఏం చెప్పను? ఒక దొంగతనాన్ని దాచడానికి పక్కన నిలబడి ఒక మనిషి బతుకు పోవడం చూశాను.

విమానం లేచింది. రెండు చుట్లు తిరిగింది. పెద్దమనుషులు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. బాబాయి పరిచిన గుడ్డ వైపు శేషు దాన్ని తిప్పుతుండగా తోక కొట్టుకోవడం కనిపించింది. నాకు ఒక్కడికే తెలిసిన కొట్టుకోవడం. శేషు పుల్లలు లాగుతున్నాడు, అది వినడం లేదు. ముక్కు దించి సూటిగా జనం మీదికొచ్చింది. బాబాయి పంచె కాళ్ళకు చుట్టుకుని మట్టిలో బోర్లా పడ్డాడు. విమానం ఆయన మీదుగా వెళ్ళి గట్టుకు కొట్టుకుని ముక్కలైంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరో నవ్వారు. తరవాత అందరూ నవ్వారు.

బాబాయి లేచాడు. మొహం నిండా దుమ్ము. పంచె దులుపుకుంటూ శేషును చూడలేదు, నన్ను చూశాడు. ఆయన దృష్టిలో అక్కడ నిజం చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే.

"నువ్వు చెప్పరా. పెట్టె చెడిందా, వీడి చేతకానితనమా?"

శేషు కూడా నా వైపే చూశాడు. పెట్టె వాడి చేతుల్లో ఉంది. వాడికీ తెలియదు ఏం జరిగిందో.

"పెట్టె బానే ఉంది బాబాయ్" అన్నాను. "చెయ్యి తడబడింది."

"నిజమేనా?"

"కంగారులో ఎవరికైనా తప్పుద్దిలే బాబాయ్. వాణ్ణేం అనబాక."

చూశారా? చివరి మాట చూశారా? వాణ్ణి ముంచి, మళ్ళీ వాడి తరఫున మాట్లాడాను. అడగని జాలి కూడా కలిపి ఇచ్చాను. అందులో ఏ ముక్క మీద ఎక్కువ అసహ్యపడాలో నాకు ఈ రోజుకీ తెలియదు.

శేషు కాసేపు తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. తరవాత మెల్లగా, "అవును నాన్నా. నా చెయ్యే తప్పింది" అన్నాడు. నేను చెప్పాను కనక నమ్మాడు. తన వేళ్ళు చెప్పినదానికంటే అన్నయ్య చెప్పినదే నిజమని నమ్మాడు.

మద్రాసు మాట మళ్ళీ ఎత్తలేదు. జూన్‌లోనే కొట్లో కూర్చున్నాడు. వెండిపెట్టె నా చేతికే ఇచ్చి, "దీన్ని చూడలేనన్నయ్యా, నువ్వే ఉంచు" అన్నాడు. బెజవాడలో ఒక రేడియో షాపులో చూపించాను. లోపల ఒక టంకం వదులైందట. షాపువాడు ఒక్క చుక్క వేసి, కాఫీ చల్లారేలోపు ఇచ్చేశాడు. ఆ చుక్క ముందే వేయించి ఉంటే! పెట్టెలు రెండూ నావయ్యాయి. నేను ఏం చేశానో తెలుసా? ఆ దసరా దాకా ఎగరేసి, విసుగొచ్చి, అటకెక్కించాను.

శేషు బాధపడుతూ కూర్చునే మనిషి కాదు. కొట్టు బాగా నడిపాడు. తన చేతులను మాత్రం ఆ రోజు నుంచి నమ్మలేదు. స్కూటరు నేర్చుకోలేదు, ట్రాక్టరెక్కలేదు, కారు కొన్నాక కూడా డ్రైవరు పక్కనే కూర్చుంటాడు. పెళ్ళిలో మంగళసూత్రం కట్టేటప్పుడు వేళ్ళు వణికి ముడి జారింది. చుట్టూ ఆడవాళ్ళు వేళాకోళం చేస్తుంటే, "ఏం చెయ్యనండీ, విమానం కూల్చిన చేతులు" అని వాడే నవ్వాడు. అందరూ నవ్వారు. వాడి వెనకే నిలబడి నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎవరైనా గమనిస్తారేమోనని మిగతావాళ్ళ కంటే కాస్త గట్టిగానే నవ్వాను.

పోయిన నెల వాడు మా ఇంటికొచ్చాడు. కొడుకులిద్దరూ వేరుపడతామంటున్నారట, పంపకం నేనే చెయ్యాలట. కాదనడానికి ఏ సాకూ దొరకలేదు. వెళ్ళాను. పెద్దవాడి చేత వాటాలు వేయించాను. చిన్నవాణ్ణి కోరుకోమన్నాను. ప్రతి పొలం చెక్కలోనూ నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో, బోరు ఎంత పడుతుందో ఇద్దరి ఎదుటా పెద్దవాణ్ణి గుచ్చి గుచ్చి అడిగాను. ఎందుకంత గుచ్చుతున్నానో నాకు తప్ప ఎవరికీ తెలియదు. అంతా సవ్యంగా ముగిశాక శేషు కొడుకులను కూర్చోబెట్టుకుని చెప్పాడు. "పెదనాన్నను చూసి నేర్చుకోండిరా. వెండిపెట్టె నాకిచ్చి పాతది తనుంచుకున్నాడు. దాన్ని నిలుపుకోలేకపోయింది నేను."

అప్పుడు చెప్పాలి. గది నిండా మనవాళ్ళే. వయసు అయిపోయింది, కొట్టేవాళ్ళు లేరు, తిట్టినా పడొచ్చు. నాలుక కదిలించబోతుండగా చిన్నకోడలు పసిబిడ్డను తీసుకొచ్చింది. శేషు మనవడు. పుట్టి ఇంకా నెల కాలేదు. "మావయ్యా, ఒక్కసారి ఎత్తుకోండి. ఇప్పటిదాకా ముట్టుకోనే లేదు" అంది. శేషు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నా చేతులకొద్దమ్మా. అన్నయ్యకియ్యి" అన్నాడు.

ఆ పిల్ల బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. నేను తీసుకున్నాను. శేషు వంగి, దూరం నుంచే బిడ్డను చూసి మురిసిపోయాడు. భోజనం పెట్టారు. ముద్దపప్పు, మామిడికాయ పచ్చడి. తిన్నాను. మారు వడ్డించుకున్నాను కూడా.

ఎందుకు చెప్పలేదని అడగకండి. ఈ వయసులో వాడి మనసు కష్టపెట్టడం ఎందుకని అనుకున్నానని చెప్పగలను. అది కూడా అబద్ధమే. వాడు నన్ను చూసే చూపు పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. అప్పుడు పెట్టె ఎలాగో, ఇప్పుడు ఆ చూపు అలాగ. నాకే కావాలి.

ఎక్కడా ఎవరితోనూ అనని మాట ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు శేషు చెయ్యి తప్పలేదు. వాడి వేళ్ళు చెప్పింది చెప్పినట్టు చేశాయి. పెట్టె చెడ్డదని నాకు ముందే తెలుసు. తెలిసే వాడి చేతికిచ్చాను. తెలిసే అబద్ధమాడాను. ఇంత చిన్న ముక్క. రాసేసరికి ఊపిరి కాస్త ఆడింది, నిజం చెప్పొద్దూ. ఊపిరాడినందుకు నా మీద నాకు ఇంకాస్త రోత పుట్టింది. మీకు తెలిసింది. శేషుకి ఇంకా తెలియదు.